పారిస్‌లో హైదరాబాదు పండితుడు: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, మాదాపురం, గచ్చిబౌలి ప్రాంతాలలో ఒకప్పుడు రాతిగుట్టలు, ముళ్ళపొదలు, చిన్న పల్లెలు మాత్రమే ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ ప్రదేశమంతయు హైటెక్ సిటీగా, సైబరాబాదుగా రూపు మారినది. అచ్చటి కార్యాలయాలలో పనిచేసే యువతీయువకులలో కెనడాకు పోదలచి ఫ్రెంచి అభ్యసించేవారున్నారు. మొదటి మెట్లు వారు సులభంగానే ఎక్కుతారు. సబ్‌జంక్టివ్ అనే క్రియారూపం ఎదురయ్యేసరికి మాత్రం, పుస్తకంలోని పట్టిక అంతా కంఠస్థమైనా, మాటలాడబోతే నోరు తడబడుతుంది.

ఈ రూపానికి తెలుగులో ఒక్క పేరు పెట్టడం కష్టం. మన పాఠశాలలలో విధ్యర్థకం, ఆశీర్వాద్యర్థకం, ప్రార్థనార్థకం, సందేహార్థకం అని వాక్యాలను వేరు వేరుగా చెప్పుతాము. ఫ్రెంచివారు వీటిలో చాలభాగాన్ని ఒకే క్రియారూపంలో ఇమిడ్చినారు. అతడు వస్తున్నాడని తెలుసును అనునప్పుడు క్రియ 'వ్యాఁ'. అతడు రావలెనని కోరుతున్నాను అనునప్పుడు అదే క్రియ 'వ్యెన్'. జరిగినదానిని చెప్పడానికి ఒక రూపం, మనస్సు కోరినదానిని, భయపడినదానిని, శంకించినదానిని చెప్పడానికి మరొక రూపం. ఈ రెంటి మధ్య తేడాను చెవి పట్టుకొనవలెను గాని, పట్టిక పట్టి ఇవ్వజాలదు.

హైదరాబాదులోనే పుట్టి, జీవితంలో దాదాపు అర్ధశతాబ్దం ఈ ఫ్రెంచిలో బ్రతికి, దానిలో ఉద్గ్రంథాలు రచించిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. ఆయన 1908లో విద్వాంసుల వంశంలో జన్మించారు. ఇంట్లో ఉర్దూ, చదువులో అరబ్బీ. జామియా నిజామియాలోను, అటుపిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను విద్య సాగినది. 1918లో స్థాపించబడిన ఉస్మానియాలో ఆ రోజులలో ఉన్నతవిద్య సైతం ఉర్దూలోనే బోధింపబడేది. పరభాష రానిదే శాస్త్రం రాదనే భయం లేని వాతావరణంలో ఆయన న్యాయశాస్త్రం చదివి, ఆ తరువాతనే ఐరోపా భాషల జోలికి పోయినారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలోని తటస్థతను గురించి పరిశోధించి డాక్టరేటు పొందినారు. అక్కడితో తృప్తి చెందక పారిస్ చేరి, 1935లో సోర్బాన్ నుండి మరొక డాక్టరేటు సాధించినారు. ప్రవక్త కాలపు, తొలి ఖలీఫాల కాలపు దౌత్యమును గురించిన ఆ సిద్ధాంతగ్రంథం ఫ్రెంచిలోనే వెలువడినది.

ఉర్దూ మాతృభాషగా గలవానికి ఫ్రెంచి సబ్‌జంక్టివ్ బొత్తిగా పరాయిది కాదు. అతడు వస్తున్నాడు అనుటకు ఉర్దూలో 'ఆ రహా హై' అంటారు. అతడు రావలెనని కోరునప్పుడు 'కె వో ఆయే' అంటారు. ఉర్దూలో 'కె' ఉన్నచోట ఫ్రెంచిలో 'క' ఉంటుంది; రెండుచోట్లా దాని వెనుక క్రియ రూపు మార్చుకుంటుంది. అరబ్బీ వ్యాకరణం చదివినవానికి మరొక దారి కూడ తెరచియున్నది. అందు వర్తమాన క్రియకు మూడు అవస్థలున్నవి. వ్రాస్తున్నాడు అనునది 'యక్తుబు'. వ్రాయవలెనని అనునప్పుడు ముందు 'అన్' చేరి 'యక్తుబ' అవుతుంది. చివరి అచ్చు ఒక్కటి మారితే చాలును, వార్త కాస్తా కోరిక అవుతుంది. తెలుగు విద్యార్థికి ఈ సదుపాయం తక్కువ. మనము క్రియను అట్లే ఉంచి 'వలెను', 'ఏమో', 'గాక' అను చేర్పులతో పని గడుపుకొంటాము. అందువల్లనే మాదాపురపు విద్యార్థికి తెలుగులో ఆలోచిస్తూ ఫ్రెంచి మాటలాడడం దుస్సాధ్యమవుతున్నది. అతడే తనకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూను ఆధారం చేసికొన్నట్లయితే సగము దూరం ఇట్టే గడచిపోతుంది.

అయినా పోలిక అన్నిచోట్లా నిలువదు. ఆశిస్తున్నాను అనే మాట తరువాత ఫ్రెంచివాడు సబ్‌జంక్టివ్ వాడడు. ఆశ అతని దృష్టిలో దాదాపు నిశ్చయమే కాబోలు. 'అయినప్పటికిని' అనే అర్థమిచ్చు 'బ్యాఁ క' తరువాత మాత్రం, జరిగిన సంగతి జరిగినట్లే ఉన్నా, సబ్‌జంక్టివ్ వాడి తీరవలెను. ఇటువంటివి తర్కానికి లొంగవు. ఆ మాటను ఆ క్రియతో జతగా, పాటలో చరణం నేర్చినట్లు నేర్చుకొనవలసినదే.

హమీదుల్లా స్వదేశానికి తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించినారు. 1948లో నిజాము ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపిన బృందంలో ఆయనకు స్థానం లభించినది. ఆ సెప్టెంబరులో భద్రతాసమితి పారిస్‌లోనే సమావేశమై ఉన్నది. సెప్టెంబరు 17న నిజాము సైన్యం లొంగిపోయినది. ఆయన పారిస్‌లోనే నిలిచిపోయినారు. విలీనమును ఆయన అంగీకరించలేదు. ఆ అభిప్రాయం తెలుగువారిలో అత్యధికులకు సమ్మతము కాదు, కానక్కరలేదు కూడ. తాను మాత్రం మరి ఏ దేశపు పౌరసత్వమూ స్వీకరింపక, వివాహమాడక, శరణార్థిగానే ఆ నగరంలో దశాబ్దాలు గడపినారు.

ఆనాటినుండి ఫ్రెంచి ఆయనకు పరీక్షాపత్రపు భాష కాదు, నిత్యజీవితపు భాష. ఈ రెంటికి ఎంత వ్యత్యాసమో ఉపాధ్యాయులు గమనింపదగును. సిద్ధాంతవ్యాసాలలో, నవలలలో భూతకాలపు సబ్‌జంక్టివ్ రూపాలు ఠీవిగా కనిపించేవి. వీధిలో అవి అప్పటికే అంతరించినవి. మన పిల్లలు పద్యంలో 'వచ్చెడున్' చదివి ఇంట్లో 'వస్తాడు' అన్నట్లే ఇదియు. మరొక విశేషం: చాల క్రియలలో ఏకవచనమందు సబ్‌జంక్టివ్ రూపమూ మామూలు రూపమూ చెవికి ఒక్కటే. వినబడునంత భేదం ఉండుట, పోవుట, చేయుట, వచ్చుట, తెలియుట, చేతనగుట వంటి క్రియలలో ఉంటుంది. అవియే దినమంతా నోట నానే క్రియలు. నేను పోవలెను, మీరు చేయవలెను అను నాలుగైదు అచ్చుల మీద సంభాషణ అంతా నడచిపోతుంది. పారిస్‌లో కాపురమున్నవానికి రొట్టెల దుకాణమే ఇందుకు పాఠశాల.

1954 నుండి 1978 వరకు ఆయన ఫ్రెంచి జాతీయ వైజ్ఞానిక పరిశోధనాసంస్థలో పనిచేసినారు. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయానికి పోయి పాఠాలు చెప్పి వచ్చేవారు. ఉర్దూ, అరబ్బీ, ఆంగ్లం, ఫ్రెంచి, జర్మను భాషలలో గ్రంథాలు, వ్యాసాలు వెలువరించినారు. 1959వ సంవత్సరం ఆయన జీవితంలో మకుటాయమానమైనది. రెండు సంపుటాల ప్రవక్త జీవితచరిత్ర, ఖురానుకు ఫ్రెంచి అనువాదం, రెండును ఆ ఏడాదే వెలువడినవి.

క్రియారూపపు తూనికలో పొరపాటు ఎంత ప్రమాదమో ఈ అనువాదం వంటి పనిలోనే తెలుస్తుంది. అతడు వ్యయము చేయుగాక అను ఆజ్ఞ, అతడు వ్యయము చేస్తున్నాడు అను వార్తగా మారితే ధర్మశాస్త్రమే తలక్రిందులవుతుంది. అరబ్బీలో ప్రథమపురుషకు ఇచ్చే ఆజ్ఞకు ఒక అవస్థ, ఉద్దేశమును చెప్పుటకు మరొక అవస్థ వేరువేరుగా ఉన్నవి. ఫ్రెంచిలో రెంటికిని సబ్‌జంక్టివ్ ఒక్కటే దిక్కు. ఏ వాక్యం ఆజ్ఞ, ఏది ఉద్దేశము అను వివేకం అనువాదకుడు చుట్టూ ఉన్న పదాలతోనే తెలుపవలెను.

పాతికేండ్ల క్రిందట సోర్బాన్‌లో ఫ్రెంచిలోనే సిద్ధాంతగ్రంథం సమర్పించిన పండితుడు ఈ పనిని ఒంటరిగా ప్రకటింపలేదు. మిషెల్ లెతుర్మీ అనే ఫ్రెంచి రచయిత సహకారం తీసుకొని, ఆ పేరును ముఖపత్రం మీద తన పేరుతోబాటు వేయించినారు. లూయీ మస్సిన్యోఁ పీఠిక వ్రాసినారు. ఇరవైకి పైగా భాషలు తెలిసినవాడని పేరు గన్న వ్యక్తి, పుట్టుకతో ఆ భాష వచ్చినవాని చెవికి తన వాక్యాన్ని అప్పగించుటలో చిన్నతనం చూడలేదు. అరబ్బీ అర్థం విషయంలో అధికారం తనది. ఫ్రెంచి పలుకుబడిలో తోడు లెతుర్మీది. ఆ అనువాదం అనేక ముద్రణలు పొందినది. తరువాత మదీనాలోని ముద్రణాలయం దానిని సవరించి, తన ఫ్రెంచి ప్రతికి ఆధారంగా గైకొన్నది.

1963లో పారిస్‌లో ముస్లిం విద్యార్థుల సంఘమొకటి ఏర్పడుటకు ఆయన కారకులైనారు. మాతృభాషలు వేరువేరైన ఆ విద్యార్థులకు ఫ్రెంచియే ఉమ్మడి భాష. 1996లో ఆరోగ్యం సన్నగిల్లి, బంధువుల వద్దకు అమెరికా వెళ్ళినారు. 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో, తొంబదినాలుగేండ్ల వయస్సులో కన్నుమూసినారు.