గాంధీజీ వకీలు సనద్ కథ

పోరుబందరుకు చెందిన మేమన్ వ్యాపారి దాదా అబ్దుల్లా సేఠ్ కంపెనీ పిలిస్తేనే గాంధీజీ 1893లో దక్షిణాఫ్రికా వెళ్లారు. ఏడాది పనికి 105 పౌండ్ల ఫీజు. తన బంధువే అయిన తయ్యబ్ సేఠ్ మీద 40 వేల పౌండ్లకు సేఠ్ వేసిన దావా అది. కేసు సాగితే ఇద్దరూ వకీళ్ల ఫీజులకే కరిగిపోతారని గాంధీజీకి అర్థమైంది. మధ్యవర్తి దగ్గర రాజీ చేయించారు. గెలిచాక కూడా సేఠ్‌ను ఒప్పించి, ఓడినవాడు దివాలా తీయకుండా డబ్బు వాయిదాల్లో కట్టేలా చూశారు.

ఆయన డర్బన్‌లోనే ఉండిపోవాలని అక్కడి వర్తకులు కోరారు. ఇరవై మంది దాకా ఏడాది పనికి ముందే ఫీజు ఒప్పుకున్నారు. అబ్దుల్లా సేఠ్ ఇంటికి కావలసిన సామాను కొనిచ్చారు.

కానీ సనద్ కావాలి కదా! 1894లో నేటాల్ సుప్రీంకోర్టుకు దరఖాస్తు పెడితే వకీళ్ల సంఘం నేటాల్ లా సొసైటీ అడ్డుపడింది. కొత్తగా వచ్చేవాళ్ల కాగితాలు, నడవడిక చూడటం సంఘం పనే, అందులో తప్పులేదు. మన దగ్గర ఇప్పుడు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు చేసేదీ అదే, ఫిర్యాదు వస్తే విచారించి సనద్ తీసేసే అధికారం కూడా వాటికి ఉంది. నేటాల్ సంఘం మాత్రం పైకి ఒరిజినల్ సర్టిఫికెట్ జతచేయలేదని వంక పెట్టినా, అసలు అభ్యంతరం ఒంటి రంగు మీదే. చట్టంలో తెలుపు నలుపు తేడా లేదని కోర్టు ఆ వాదన కొట్టేసింది. ప్రమాణం అయ్యాక తలపాగా తీయమంటే గాంధీజీ తీసేశారు. అది అబ్దుల్లా సేఠ్‌కు అస్సలు నచ్చలేదు.

నడవడిక మీద అనుమానపడిన సంఘానికి జవాబు ఆయన ప్రాక్టీసులోనే దొరికింది. ఒక కేసులో మధ్యవర్తుల తీర్పు పూర్తిగా తన క్లయింటు వైపే వచ్చింది. అయితే లెక్కల్లో ఒక పద్దు ఇటుది అటు పడింది. ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలీదు. మనమెందుకు చెప్పాలి, చెబితే తీర్పంతా పోతుందని సీనియర్ వకీలు వారించారు. గాంధీజీ క్లయింటును ఒప్పించి కోర్టులో తానే చెప్పేశారు. జడ్జి మొదట ఇదేదో మోసమనుకున్నారు. ఆ తర్వాత తప్పు సరిచేసి, తీర్పును అలాగే ఉంచారు.

1915లో హిందుస్తాన్ వచ్చాక ఆయన వకాల్తా పుచ్చుకోలేదు. 1922 మార్చిలో అహ్మదాబాద్ కోర్టు రాజద్రోహం కింద ఆరేళ్ల శిక్ష వేసింది. ఆయన ఎరవాడ జైల్లో ఉండగానే, నవంబరులో, బారిస్టర్ పట్టా ఇచ్చిన లండన్ ఇన్నర్ టెంపుల్ తన జాబితా నుంచి ఆయన పేరు కొట్టేసింది. క్లయింటును మోసం చేసినందుకు కాదు, డబ్బు మింగినందుకూ కాదు. సర్కారు వేసిన శిక్షే దానికి చాలింది.

ఆ పేరును ఇన్నర్ టెంపుల్ మళ్లీ రాసుకున్నది 1988లో. అప్పటికి గాంధీజీ చనిపోయి 40 ఏళ్లు.