జెరాల్డు డరెల్ బాల్యము – అన్నదమ్ముల సాహచర్యము

జంషెడ్‌పూరును గూర్చి వ్రాయువారు సాధారణముగ ఇనుమును, ఉక్కును గూర్చియే వ్రాయుదురు. సువర్ణరేఖ, ఖర్కయి నదుల చెంతనున్న సాక్చి అను గ్రామము టాటావారి కర్మాగారముతో పట్టణమై, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువుచేత జంషెట్జీ టాటా పేర నామకరణము పొందెను. కళింగాంధ్ర సీమనుండి పనికై వెడలిన తెలుగు కుటుంబములెన్నియో ఆ పట్టణమున స్థిరపడినవి. నేడు జార్ఖండు రాష్ట్రమునకు చెందిన ఈ నగరమున వన్యప్రాణి సంరక్షణకు జీవితము నంకితము చేసిన ఒక ఆంగ్ల రచయిత జన్మించెనన్న సంగతి అచటివారిలోనే పలువురెఱుగరు. ఆతడు జెరాల్డు మాల్కమ్ డరెల్. జననము 1925 జనవరి 7వ తేదీ.

ఆతని తండ్రి లారెన్సు శామ్యూల్ డరెల్ ఇంజనీరు. భారతదేశముననే పుట్టి, రూర్కీ కళాశాలలో చదివి, రైల్వే నిర్మాణములలో పనిచేసి, తుదకు జంషెడ్‌పూరులో స్వంత నిర్మాణసంస్థను స్థాపించెను. పెరుగుచున్న ఆ కర్మాగార నగరమున ఆ సంస్థ కట్టిన కట్టడములు పెక్కులు. తల్లి లూయీసా ఫ్లారెన్సు డిక్సీ రూర్కీలో పుట్టినది. కాగా ఆ దంపతులకు ఇంగ్లండు పేరునకు మాత్రమే స్వదేశము. పుట్టి పెరిగిన నేల వేఱు. వారికి ఐదుగురు సంతానము. జ్యేష్ఠుడు లారెన్సు 1912 ఫిబ్రవరి 27న జలంధరులో పుట్టెను. తరువాతి ఆడుశిశువు పసితనముననే మరణించినది. పిమ్మట లెస్లీ, మార్గరెట్, చివరకు జెరాల్డు.

ఇచట ఒక విషయమును ముందుగనే గుర్తింపవలెను. జెరాల్డు పుట్టునాటికి పెద్దన్న ఇంట లేడు. డార్జిలింగులో కొంత చదివిన పిదప లారెన్సును 1923లో, పదునొకండేండ్ల వయస్సున, విద్యకై ఇంగ్లండు పంపివేసిరి. నాటి ఆంగ్లో-ఇండియను కుటుంబములలో ఇది సర్వసాధారణమైన ఆచారమే యైనను, ఆ బాలుని మనస్సున అది మానని గాయమయ్యెను. హిమాలయములను విడిచి పొగమంచు దేశమునకు పోవలసివచ్చినందుకు ఆతడు జీవితాంతము ఇంగ్లండును క్షమింపలేదు. ఒకే తల్లికి పుట్టిన అన్నకు భారతదేశము పోగొట్టుకొన్న స్వర్గము. తమ్మునకు అది ఆయా చంకనెక్కి చూచిన మసక లోకము.

ఆ మసక లోకముననే జెరాల్డు తన జీవితోద్యమమునకు మూలమును చూపెను. ఆయాతో షికారు పోవుచు త్రోవప్రక్క కాలువలో రెండు నత్తగుల్లలు లేని నత్తలను చూచి నిలిచిపోయితినని, అదియే తన తొలి జ్ఞాపకమని ఆతడు చెప్పుకొనెను. జంషెడ్‌పూరు విడిచి కుటుంబము లాహోరులో నున్న కాలమున అచటి జంతుప్రదర్శనశాలకు ఆయా ఆతనిని కొనిపోవుచుండెను. ఆతడు స్పష్టముగ పలికిన తొలి మాట ‘జూ’ అనియు ఇంటివారు చెప్పుదురు. రెండేండ్ల పిల్లవాని స్మృతిని చరిత్రకారుడు యథాతథముగ గ్రహింపరాదు. తల్లి పదే పదే చెప్పగా విని, దానినే తన జ్ఞాపకముగ భావించియుండవచ్చును. ఆ జంతుశాల చాల హీనమైనదని పెద్దయైన పిమ్మట ఆతడే ఒప్పుకొనుట మాత్రము గమనింపదగినది.

1928 ఏప్రిలులో తండ్రి డల్హౌసీలో మరణించెను. లూయీసా పిల్లలతో ఇంగ్లండు చేరి, మొదట లండనులోను, పిదప సముద్రతీరమందలి బోర్నమత్ పట్టణమునను కాపురముండెను. అన్నదమ్ములు నిజముగ ఒకరినొకరు తెలిసికొనుట ఇచటనే. అన్నకు పదునారు దాటినవి, తమ్మునకు మూడేండ్లు. పదుమూడేండ్ల అంతరము సామాన్యముగ స్నేహమునకు చాలని అంతరము. కాని తండ్రి లేని ఆ ఇంటిలో లారెన్సు అన్నయు, కొంతవఱకు తండ్రియు నయ్యెను. జెరాల్డును ఒక బడిలో వేసిరి. బడియనిన ఆతనికి జ్వరము వచ్చుచుండెను. ఆ జ్వరములో నటన యెంతయో, నిజమెంతయో వైద్యులకును తెలియలేదు. తల్లి బడి మాన్పించెను. తరువాత ఆతడు ఏ పాఠశాలలోను క్రమముగ చదువలేదు. ఈ దశలో అన్న చేతికిచ్చిన గ్రంథములలో ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్ర్ వ్రాసినది యొకటి. సాహిత్యమే సర్వస్వమనుకొను యువకుడు పురుగులను ప్రేమించు తమ్మునకు పద్యములనీయక పురుగుల పుస్తకమునే యిచ్చుట సామాన్య విషయము కాదు. ఫాబ్ర్ శాస్త్రజ్ఞుడేగాక గొప్ప వచనరచయిత. రెండు అభిరుచులును ఒకే పుస్తకములో కలియుట ఆ బాలునకు మేలయ్యెను.

1935 జనవరిలో లారెన్సు నాన్సీ మైయర్సు అను చిత్రకారిణిని వివాహమాడెను. మార్చిలో ఆ దంపతులును, వారి వెనువెంటనే తల్లి, తక్కిన పిల్లలును గ్రీసు దేశపు కార్ఫూ ద్వీపమునకు తరలిరి. ఎండ, తక్కువ వ్యయము, ఇంగ్లండునుండి విముక్తి – ఈ మూడును లారెన్సు చూపిన కారణములు. జెరాల్డునకు పదేండ్లు.

తరువాతి నాలుగేండ్లును ఆ బాలునకు నిత్యోత్సవములు. రోజర్ అను కుక్కను వెంటనిడుకొని ఆలివు తోటలలో తిరుగుట, గోడల సందులలో తేళ్ళను, చెరువులలో నీటిపాములను, తాబేళ్ళను పట్టి తెచ్చుట ఆతని దినచర్య. స్పైరో అను టాక్సీవాడు తన డాడ్జి కారులో ఆ కుటుంబమును ద్వీపమంతట త్రిప్పెను. అంగడి మొదలు అద్దె యింటివఱకు వారి వ్యవహారములన్నిటికిని ఆతడే దిక్కు. పడవపై రొట్టెలు, పండ్లు, ద్రాక్షసారా నింపుకొని కుటుంబమంతయు ఉత్తరపు కొననున్న ఆంటినియోటిస్సా సరస్సునకు పోవుటయు, ఇసుకలో తెల్లని లిల్లీలు విరియు ఋతువున మరల అచటికే పోవుటయు ఆతని రచనలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టములు. తల్లికి వంటలు, మొక్కలు; లెస్లీకి తుపాకులు, పడవలు; మార్గరెట్‌కు ఎండ, వస్త్రములు; లారెన్సుకు వాదము; జెరాల్డుకు నీటి అంచున కదలు ప్రాణి – ఒకే విహారమున ఒక్కొక్కరు ఒక్కొక్క లోకమున నుండిరి. తమ్ముని పుట్టినరోజునకు గుండ్రని చిన్నపడవను తన చేతులతో కట్టియిచ్చినవాడు లెస్లీ. ఆ పడవతోనే జెరాల్డు తీరపు గుహలను, చిన్న దీవులను వెదకికొనెను. గ్రంథకర్తలైన ఇరువురు సోదరుల కీర్తిచాటున లెస్లీ మరుగుపడెను గాని, బాలుని విహారములకు సాధనములను సమకూర్చినవాడు ఆతడే.

అన్నదమ్ములిరువురికిని సమానమైన మిత్రుడు థియొడోరు స్టెఫనిడీసు. ఈ గ్రీకు వైద్యుడు 1896లో బొంబాయిలో పుట్టినవాడు. ఎక్సుకిరణ వైద్యమున నిపుణుడు, జలజీవశాస్త్రమున పండితుడు, గ్రీకు కవిత్వమునకు ఆంగ్లానువాదకుడు. ఆతడు లారెన్సుతో కవిత్వమును, జెరాల్డుతో సూక్ష్మదర్శినిలోని నీటిబొట్టును ఒకే శ్రద్ధతో ముచ్చటించువాడు. వారమునకొకనాడు బాలుడును వైద్యుడును సంచులు, సీసాలు, వలలు ధరించి చెరువుల వెంట నడచుచుండిరి. పదేండ్ల పిల్లవానిని సమానునివలె సంభావించుటయే ఆయన బోధనాపద్ధతి. సుమారు అర్ధశతాబ్దము పిమ్మట, 1982లో వెలువడిన ‘ది అమెచ్యూర్ నేచురలిస్ట్’ గ్రంథమును జెరాల్డు ఆయనకే అంకితమిచ్చెను.

అన్న కూడ తమ్ముని వ్రాతను విడువలేదు. పారిసులో హెన్రీ మిల్లర్ మొదలగువారితో కలిసి లారెన్సు నడపిన ‘ది బూస్టర్’ పత్రికలో 1937లో పండ్రెండేండ్ల జెరాల్డు పద్యమొకటి అచ్చయ్యెను. అత్యాధునికుల పత్రికలో పిల్లవాని పద్యము! ముద్దుకు వేసినదని కొందరనవచ్చును. కాని ఆ అచ్చుకాగితమే, తాను కూడ వ్రాయగలవాడనన్న భావమును జెరాల్డులో నాటియుండును.

1939లో యుద్ధము ముంచుకొనివచ్చుటతో కుటుంబము చెదరెను. తల్లితో జెరాల్డు ఇంగ్లండు చేరెను. లారెన్సు ఈజిప్టు పోయెను. యుద్ధకాలమున వ్యవసాయక్షేత్రమున పనిచేసి, 1945లో విప్స్‌నేడ్ జంతుశాలలో శిక్షణకు చేరి, వయస్సు వచ్చిన పిదప తనకు సంక్రమించిన సొమ్ముతో జెరాల్డు 1947 మొదలు కామెరూన్సుకును, 1950లో బ్రిటిషు గయానాకును జంతుసేకరణ యాత్రలు చేసెను. ఉత్తమమైన ఆహారము, విశాలమైన పంజరము లేనిదే జంతువును ఉంచనని పట్టుబట్టుటచే ఆ సొమ్మంతయు కరగిపోయెను. 1951లో జాకీని వివాహమాడునాటికి ఆతనికి ఉద్యోగము లేదు, ధనము లేదు.

అపుడు మరల అన్న అడ్డుపడెను. యాత్రలను గూర్చి వ్రాయుమని, వ్రాయుటయే జీవనోపాయమగునని లారెన్సు ప్రోత్సహించెను. జెరాల్డు వ్రాతపనియనిన విముఖుడు. భార్య నిత్యము వెంటబడగా, రేడియో ప్రసంగముతో ఆరంభించి, 1953లో ‘ది ఓవర్‌లోడెడ్ ఆర్క్’ను వెలువరించెను. ప్రకాశకులు అన్న కవిత్వమును ప్రకటించిన ఫేబర్ సంస్థవారే. గ్రంథము విక్రయములందు విజయము సాధించెను. అప్పటికి అన్న గ్రంథములకు అట్టి ఆదరము లేదు. లారెన్సు దీనికి కినుక వహించినట్లు కానరాదు.

1956లో ‘మై ఫ్యామిలీ అండ్ అదర్ ఆనిమల్స్’ వెలువడెను. దీనిని జెరాల్డు బోర్నమత్‌లో, అక్క మార్గరెట్ గృహమున, కొలది వారములలో వ్రాసెను. కార్ఫూ ద్వీపపు ప్రాణులను వర్ణింపబూనిన గ్రంథమున కుటుంబము మొదటి పుటలనుండియే చొరబడి చోటాక్రమించెనని ఆతడు పరిహాసముగ చెప్పుకొనెను. అగ్గిపెట్టెలో తమ్ముడు దాచిన తల్లితేలు, దాని పిల్లలు భోజనవేళ సిగరెట్టు ముట్టింపబోయిన లారెన్సు చేతిమీద ప్రత్యక్షమగుట, పెంపుడు పక్షులు ఆతని గదిలో జొచ్చి వ్రాతప్రతులను చిందరవందర చేయుట – ఇట్టి సన్నివేశములలో అన్న పుస్తకములకును తమ్ముని ప్రాణులకును నిత్యము యుద్ధమే.

పరిశోధకుడు ఆగవలసిన తావిదియే. గ్రంథమున లారెన్సు అవివాహితుడు. తల్లితో, తోబుట్టువులతో ఒకే యింట నుండును. వాస్తవమున ఆతడు నాన్సీతో ద్వీపపు ఈశాన్యతీరమున కలామీ గ్రామములో వేఱు కాపురముండెను. తమ్ముని గ్రంథమున వదినె జాడయే లేదు. అన్న వ్రాసిన ‘ప్రాస్పెరోస్ సెల్’ (1945) కూడ ఆ ద్వీపవాసమును గూర్చినదే; అందు నాన్సీ ఉన్నది, కుటుంబమునకు మాత్రము చోటు మిక్కిలి స్వల్పము. ఒకే ద్వీపము, అవే యేండ్లు, రెండు గ్రంథములు. ఒకదానిలోనివారు రెండవదానిలో దాదాపు కానరారు.

హాస్యమునకు పాత్రలు ఒకే కప్పుక్రింద నుండుట సదుపాయమని, అందుచే జెరాల్డు ఇట్లు మార్చెనని విమర్శకులు చెప్పుదురు. అది నిజమే కాని చాలదు. పుట్టునాటికే సముద్రముల కావల నున్న అన్న, మూడేండ్లకే పోయిన తండ్రి, కార్ఫూలో కూడ మైళ్ళ దూరమున నున్న అన్న కాపురము – వీనిని చూచినపుడు, జెరాల్డు తాను కోరిన యింటిని గ్రంథమున కట్టుకొనెనని భావించుటయే సమంజసము. వదినెకు ఇది న్యాయము కాదు. చిత్రకారిణియైన ఆమె యౌవనములోని నాలుగేండ్లు లక్షలాది పాఠకులకు లేనట్లే అయ్యెను. లారెన్సు మాత్రము తన చిత్రణమును నవ్వుచు అంగీకరించి, అందు సత్యము లేకపోలేదని ఒప్పుకొనెను. మరుసటి యేడు 1957లో ‘జస్టీన్’ ప్రకటితమై, ‘అలెగ్జాండ్రియా క్వార్టెట్’తో ఆతనికిని విఖ్యాతి లభించెను.

పుస్తకముల రాబడి ఊతగా జెరాల్డు 1959 మార్చి 26న జెర్సీ ద్వీపమున జంతుశాలను తెరచెను. 1963లో అది సంరక్షణసంస్థగ రూపొందెను. దాని చిహ్నము మారిషసులో మనుష్యులచే నశించిన డోడో పక్షి. ప్రదర్శనకుగాక, నశించుచున్న జాతులను పెంచి మరల స్వస్థానమున విడుచుటకై జంతుశాల యుండవలెనన్న ఆతని వాదమును నాటి జంతుశాలాధికారులు తేలికగ స్వీకరింపలేదు. తెలుగువారు తరతరములుగ నివసించుచున్న ఆ మారిషసులోనే, పదిమాత్రమే మిగిలిన స్థితికి వచ్చిన గులాబీరంగు పావురము ఈ పద్ధతిచే నిలిచినది.

తల్లి 1964లో మరణించెను. లారెన్సు దక్షిణ ఫ్రాన్సులో స్థిరపడి, నీమ్ చెంతనున్న తన ఇంటిని విడిచి సొమ్మియేర్ గ్రామమునకు మారగా, ఆ పాత ఇంటిని తమ్ముడు తీసికొనెను. వేసవులలో అచట చేరి జెరాల్డు గ్రంథములను వ్రాయుచుండెను. అన్న కొలది మైళ్ళ దూరముననే యుండెను. 1990 నవంబరు 7న లారెన్సు సొమ్మియేర్‌లో కన్నుమూసెను. జెరాల్డు 1995 జనవరి 30న జెర్సీలో మరణించెను. ఆ మరుసటి నెలలోనే, అతని సంస్థకును భారతీయాధికారులకును నడుమ అస్సాములోని మరుగుజ్జు అడవిపందిని రక్షించుటకై ఒప్పందము జరిగెను. నశించినదని తలపబడి 1971లో మరల కనిపించిన ఆ చిన్నప్రాణిని గౌహతిలో పెంచి, 2008 మొదలు అస్సాము గడ్డిమైదానములలో విడుచుచున్నారు.