కలంకారీకి ఊపిరి పోసిన కమలాదేవి

శ్రీకాళహస్తి: శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, దుపట్టాలు నేడు మహానగరాల దుకాణాల్లో కొలువుదీరుతున్నాయి. సుమారు డెబ్బై ఏళ్ల క్రితం ఈ కళ అంతరించే దశకు చేరింది. కలం పట్టగలిగిన వారిని వేళ్లపై లెక్కించవలసిన దుస్థితి. ఆ తరుణంలో దానికి తిరిగి ఊపిరి పోసిన వారిలో అగ్రగణ్యురాలు కమలాదేవి చట్టోపాధ్యాయ. స్వాతంత్య్ర సమరయోధురాలిగా సుప్రసిద్ధురాలైన ఆమె, కళాకారునికి సానుభూతి కంటే సరకు కొనేవారే ముఖ్యమని గ్రహించారు. జీవితంలోని చివరి నాలుగు దశాబ్దాలను ఆ పనికే అంకితం చేశారు.

బాల్యం నుంచే ఎదురీత

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ జిల్లా కలెక్టరు. ఆమెకు ఏడేళ్ల వయసులో ఆయన వీలునామా రాయకుండానే కన్నుమూయడంతో ఆస్తి సవతి కుమారునికి దక్కింది. ఇచ్చే భరణాన్ని తల్లి గిరిజాబాయి నిరాకరించి, పుట్టింటి సొమ్ముతోనే కుమార్తెను పెంచారు. చిన్న వయసులోనే వివాహం జరిగిన కమలాదేవి రెండేళ్లకే భర్తను కోల్పోయారు. అయినా చదువు మానలేదు. మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చదివే రోజుల్లో హైదరాబాదులో స్థిరపడిన సరోజినీ నాయుడు పుట్టింటి వారితో పరిచయం ఏర్పడింది. సరోజినీ సోదరుడు, కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయను ఆమె వివాహమాడారు. వితంతు పునర్వివాహాన్ని సమాజం ఈసడించినా వెనుకంజ వేయలేదు.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓటమి చెందారు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంలో మహిళలకూ చోటు కల్పించాలని గాంధీజీని ఒప్పించారు. బొంబాయిలో ఉప్పు పొట్లాలు విక్రయించి కారాగారవాసం అనుభవించారు.

శరణార్థుల నుంచి హస్తకళాకారుల వరకు

దేశ విభజన అనంతరం పదవుల వైపు చూడక, 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్‌ను స్థాపించారు. వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి తరలివచ్చిన శరణార్థులకు ఢిల్లీ సమీపాన ఫరీదాబాద్‌లో పునరావాసం కల్పించడంలో ఆ సంస్థ ముఖ్య పాత్ర వహించింది. ఉచితంగా పెట్టడం కంటే పని నేర్పి సంపాదన చూపడమే మేలన్న పాఠం అక్కడే రూఢి అయింది.

1952లో ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ బాధ్యత ఈ సంస్థకు లభించింది. అదే ఏడాది ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె సారథ్యం వహించారు. కళాకారుల నుంచి సరకు కొనడం, నాణ్యతపై రాజీ పడకపోవడం, పాత నమూనాలను నేటి గృహాలకు, దుస్తులకు అనువుగా మలచడం ఆమె అనుసరించిన మార్గం. చేనేత చీర, చేతి అద్దకపు వస్త్రం పట్టణవాసుల అభిరుచిగా మారడంలో ఈ కృషి పాత్ర గణనీయం.

స్వర్ణముఖి తీరంలో

శ్రీకాళహస్తి కళాకారులు కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో వస్త్రాన్ని నానబెట్టి, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో పురాణగాథలను చిత్రించేవారు. ఈ పటాలకు ఆలయాలు, జమీందారులే పోషకులు. ఆ ఆదరణ కరవై, మిల్లు వస్త్రాలు వెల్లువెత్తడంతో పని దొరకని కుటుంబాలు కలాన్ని విడిచాయి. 1950వ దశకం ద్వితీయార్ధంలో కమలాదేవి చొరవతో పట్టణంలో శిక్షణ కేంద్రం వెలసింది. సంప్రదాయ చిత్రకారుడు జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువుగా కొత్త తరానికి విద్య నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిని 2008లో పద్మశ్రీ వరించింది. ఆలయ గోడలకు పరిమితమైన చిత్రం క్రమేణా చీర కొంగుపైకి చేరింది. ఎందరో మహిళలకు సైతం ఉపాధి కల్పించింది.

పురస్కారాలకు అతీతంగా

1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1955లో పద్మభూషణ్, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1964లో భారత హస్తకళా మండలి ఏర్పాటుకు మూలమయ్యారు. 1988 అక్టోబరు 29న బొంబాయిలో తుదిశ్వాస విడిచారు.

ఆమె తీర్చిదిద్దిన హస్తకళల బోర్డును కేంద్రం 2020లో రద్దు చేసింది. మరోవైపు యంత్రాలపై ముద్రించిన వస్త్రాలు కలంకారీ పేరిట చౌకగా అమ్ముడవుతున్నాయి. రోజుల తరబడి శ్రమించి, పలుమార్లు ఉతికి, ఆరబెట్టి తయారుచేసే అసలు వస్త్రం ఆ ధరతో పోటీ పడలేదు. కొనేవారికి ఆ తేడా తెలియజెప్పి, పనికి తగిన ప్రతిఫలం ఇప్పించడానికే కమలాదేవి అంతకాలం శ్రమించారు. ఆమె చేపట్టిన ఆ పని నేటికీ పూర్తి కాలేదు.