కావలూరు కొండమీది కన్ను

మన తమిళనాడులో వాణియంబాడికి సమీపమున జవ్వాది కొండలు కలవు. ఆ కొండలలోని కావలూరు గ్రామముకడ నొక గొప్ప దూరదర్శిని యున్నది. దాని దర్పణపు అడ్డుకొలత 2.3 మీటర్లు. దానికి వైను బాప్పుగారి పేరు పెట్టిరి. మనకింత చేరువనున్న ఆ యంత్రమునకు ఆ పేరెట్లు వచ్చినదో మన పిల్లలకు తెలియజేయుట ఉచితమని తలచి, ఆ మహనీయుని జీవితమును సంగ్రహముగా చెప్పుచున్నాము.

బాప్పుగారి పూర్వులు కేరళమునందలి తలస్సేరివారు. ఆయన 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించి, హైదరాబాదులో పెరిగిరి. తమవారి భాష యొకటి, చుట్టుపట్ల వినవచ్చు భాషలు వేరు. మన పిల్లల స్థితియు నట్టిదే గదా! తండ్రి అచటి నిజామియా వేధశాలలో ఉద్యోగి. అందుచేత చిన్ననాడే ఆయనకు నక్షత్రములతో చెలిమి కలిగెను. నిజాం కళాశాలలో చదువుచున్నపుడే, వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించిరి.

1949లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరిరి. ఆ యేడు జూలై 2వ తేదీన ఆకాశమును ఛాయాచిత్రము తీయగా, అందులో అంతకుమున్నెవరు నెరుగని తోకచుక్క యొకటి కానవచ్చెను. బోక్, న్యూకర్క్ అను ఇరువురి పేర్లతోపాటు బాప్పుగారి పేరును దానికి కలిపిరి. అది మరల రావలెనన్న సుమారు అరువదివేల యేండ్లు పట్టునని ఆయన లెక్కకట్టిరి. అప్పటికి ఆయనకు ఇరువదిరెండేండ్లయినను నిండలేదు!

1952లో డాక్టరు పట్టము పొందిన పిదప, ఆనాడు ప్రపంచమున కెల్ల పెద్దదైన పాలోమార్ దూరదర్శినితో పనిచేయు భాగ్యము లభించెను. అచట విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, నక్షత్రకాంతిలోని కాల్షియమ్ రేఖ వెడల్పునుబట్టి ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశమును తెలిసికొను మార్గమును కనుగొనిరి. దీపము నిజముగా నెంత వెలుగునో తెలిసినచో, మన కంటికి ఆనిన వెలుగునుబట్టి దాని దూరమును గణింపవచ్చును గదా! ఈ సూత్రము 1957లో వెలువడి ఇరువురి పేర ప్రసిద్ధికెక్కెను.

అచటనే నిలిచియున్నచో ఆయనకు కీర్తికి కొదువ లేకుండెడిది. అయినను, అట్టి యంత్రము మన దేశమున లేదని యెరిగియే, 1953లో తిరిగివచ్చిరి. ముందు నైనీతాలులో వేధశాలను నెలకొల్పి, 1960లో కొడైకెనాలు వేధశాలకు అధిపతి యైరి. పట్టణదీపముల వెలుగు సోకని చీకటి, దక్షిణాకాశము చక్కగా కానవచ్చు అనువు గల చోటు కొరకు వెదకి, కావలూరును ఎన్నుకొనిరి. 1968లో తమవారే చేసిన 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో అచట పని ఆరంభమయ్యెను. 1972లో ఒక మీటరు దూరదర్శిని వచ్చెను. 1977 మార్చిలో యురేనస్ గ్రహమునకు వలయములున్నవని బయల్పడినపుడు, ప్రపంచమున ఆ జాడను పట్టినవారిలో కావలూరువారును ఉండిరి.

ఇంతటితో ఆయన తృప్తి చెందలేదు. పెద్ద దూరదర్శినిని మన దేశమునందే నిర్మింపవలెనని పూనుకొనిరి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులైరి. కాని తలపెట్టిన యంత్రము పూర్తిగాకమునుపే, 1982 ఆగస్టు 19వ తేదీన జర్మనీలోని మ్యూనిచ్ నగరమున కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరములు. 1986 జనవరి 6వ తేదీన ఆ యంత్రమును ఆయన పేర దేశమునకు అంకితము చేసిరి.

మామిడిమొక్క నాటిన తాత పండ్లు తినునో లేదో, మనుమలు తిందురు. మన బడిలో ఇది లేదు, అది లేదని మనము చింతించుట కద్దు. లేనిచోటికే తిరిగివచ్చి, ఉన్నదానితో మొదలుపెట్టిన బాప్పుగారిని అట్టివేళ తలచుకొందుము గాక.