బరోడాలో దొరకని గది

డాక్టర్ అంబేడ్కర్ పేరు వినగానే మనకు రాజ్యాంగం గుర్తుకొస్తుంది. ఊరి కూడలిలో నీలం కోటు వేసుకుని, చేత పుస్తకం పట్టుకుని నిలబడ్డ విగ్రహం గుర్తుకొస్తుంది. ఆయన స్కాలర్‌షిప్పు మీద పైచదువులు చదివారని కూడా చాలామందికి తెలుసు. ఆ స్కాలర్‌షిప్పు ఎక్కడిదాకా పనిచేసింది, ఎక్కడ చాలకపోయింది అన్నది మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. మన సంఘం కూడా పిల్లల చదువుకు ఎంతో కొంత సాయం చేస్తున్నది కనుక, ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుంటే బాగుంటుందనిపించింది.

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లిదండ్రులకు ఆయన పద్నాలుగో సంతానం. సతారా బడిలో తోటి పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవారు. దాహమేస్తే కుళాయి ముట్టుకోకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. ఆ బంట్రోతు కనబడకపోతే దాహంతోనే పాఠం వినాలి.

కుటుంబం బొంబాయి చేరాక ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో చదివి 1907లో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ ఇంటికి అది పెద్ద పండుగ. అప్పుడు జరిగిన సన్మాన సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రవాడికి బహూకరించారు. కేలూస్కర్ అంతటితో ఊరుకోలేదు. కాలేజీ చదువుకు రాంజీ దగ్గర డబ్బు లేదని తెలిసి, బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ దృష్టికి తీసుకెళ్ళారు. మహారాజు నెలకు 25 రూపాయలు మంజూరు చేశారు. ఆ డబ్బుతో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది. ఇచ్చినవారు మహారాజే అయినా, అడిగినవారు ఒక ఉపాధ్యాయుడు. మన గురువులు ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక.

1913లో బరోడా సంస్థానం ఆయనను అమెరికా పంపింది. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు సాయం. తిరిగి వచ్చాక పదేళ్ళు సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది ఒప్పందం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ప్రధానంగా చదివి 1915లో ఎం.ఏ. అందుకున్నారు. 1916లో లండన్ వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవాద పట్టా కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఏడాది తిరగకముందే స్కాలర్‌షిప్పు గడువు ముగియడంతో చదువులు మధ్యలో ఆపి 1917లో స్వదేశానికి బయలుదేరారు.

మాట ప్రకారం బరోడా వెళ్ళి అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనరుగా చేరారు. సంస్థానం తాను చదివించిన యువకుణ్ణి పరిపాలనలో తర్ఫీదు చేసుకోవాలనుకుంది. కానీ ఆ యువకుడు రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ఏర్పాటు లేదు. హిందూ హోటళ్ళలో ఆయనకు చోటివ్వరు. గత్యంతరం లేక ఒక పారశీక సత్రంలో, పారశీకుడి పేరుతో, రోజుకు రూపాయిన్నర చెల్లించి దిగారు. ఆఫీసులో బంట్రోతులు కాగితాలు దూరం నుంచి విసిరేవారు. సర్కారు బంగళా ఇప్పించమని పెట్టుకున్న అర్జీ తేలలేదు. పదకొండో రోజున సంగతి తెలిసిపోయింది. పది పన్నెండు మంది కర్రలతో వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు మిత్రుల ఇళ్ళకు వెళ్తే ఇద్దరూ ఏదో కారణం చెప్పారు. కామాఠీ బాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగి వెళ్ళిపోయారు. నాలుగేళ్ళ విదేశీ చదువుకు డబ్బు దొరికింది గానీ, ఆ చదువును ప్రజల పనికి వాడే ఊళ్ళో ఒక గది దొరకలేదు. పదేళ్ళ ఒప్పందం ఆ గది దగ్గరే తెగిపోయింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యుడై జీతంలో కొంత కూడబెట్టారు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ ఆదుకున్నారు. నవల్ భతేనా అనే మిత్రుడు 5,000 రూపాయలు అప్పిచ్చాడు. ఆయనా పారశీకుడే. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి, ఆగిన చదువులు పూర్తి చేసి, బారిస్టరై, 1923లో తిరిగి వచ్చి బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. డి.ఎస్సీ. పట్టం కూడా ఆ ఏడాదే అందింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ చేపట్టిన తొలి పనుల్లో ఒకటి, 1925లో షోలాపూర్‌లో హైస్కూలు విద్యార్థులకు వసతి గృహం తెరవడం. సత్రం నుంచి గెంటించుకున్న మనిషి పిల్లలకు ముందు ఉండడానికి చోటు చూపించారు. మహాడ్ చెరువు సత్యాగ్రహం ఆ తర్వాత, 1927లో జరిగింది. 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాక, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పైచదువులకు కేంద్రమే డబ్బివ్వాలని వైస్రాయికి వినతిపత్రం సమర్పించారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు పథకం మొదలైంది. మన రెండు రాష్ట్రాల పిల్లలు పదో తరగతి దాటాక ఈనాటికీ దరఖాస్తు పెట్టుకునే పథకం మూలం అదే. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, మరుసటి ఏడాది సిద్ధార్థ కాలేజీ వచ్చాయి.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులు, స్వతంత్ర భారతదేశపు తొలి న్యాయశాఖ మంత్రి. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందున 1951లో ఆ పదవి వదులుకున్నారు. 1953లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు.

నేను ఇంజనీరును. ఎస్టిమేటు వేసేటప్పుడు సిమెంటు, ఇనుముతో పాటు పనివాళ్ళ షెడ్డు, తాగునీళ్ళు కూడా లెక్కలో చూపిస్తాం. అవి లేకపోతే పని నడవదు. స్కాలర్‌షిప్పు ఎస్టిమేటు కూడా అంతే. ఇప్పుడు అయిదేళ్ళ లా కోర్సు చదివే విద్యార్థి బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్పు చేయాలి. సీనియర్ న్యాయవాది దగ్గరో, కోర్టులోనో, స్వచ్ఛంద సంస్థలోనో చేసే ఈ పనికి చాలాచోట్ల పైసా రాదు. హైదరాబాదులోనో, అమరావతిలోనో, ఢిల్లీలోనో బంధువుల ఇల్లున్న పిల్లవాడు వెళ్తాడు. లేనివాడు ఇంటికి దగ్గర్లో ఎవరో ఒకరి సంతకం తెచ్చుకుని సరిపెట్టుకుంటాడు. ఫీజు కట్టాం కదా అని మనం అనుకుంటూనే ఉంటాం.

మన బడి నుంచి లా చదవడానికి, ప్రజాసేవలోకి వెళ్ళడానికి సిద్ధపడే పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళకు రెండు నెలల గది అద్దె, మెస్సు బిల్లు, రానుపోను రైలు ఛార్జీ మన సాయంలో ఒక పద్దుగా చేర్చుదాం. ఆ నగరాల్లో స్థిరపడిన మిత్రులు ఇంట్లో ఒక గది ఇవ్వగలిగితే ఇంకా మంచిది. పేరు అడిగాక కులం అడగని గది కావాలి. ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఏ పిల్లవాడికి అవసరమో మీకే ముందు తెలుస్తుంది. కేలూస్కర్ గారిలాగా మీరు వచ్చి అడగండి, ఇవ్వడానికి మేమున్నాం.