హెన్రీ డెరింజర్

తాతలనాటి పెట్టె అడుగున అరచేతిలో ఇముడు చిన్న పిస్తోలు దొరకినచో, అమెరికాలో వారసులు మొట్టమొదట వెదకునది దాని ఇనుముపై ముద్రించిన పేరు. అది డెరింజర్ అయినచో దాని విలువయే వేఱు. ఆ పేరును నిలుపుకొనుటకు ఒక పనివాడు పడిన పాటు తెలిసికొనదగినది.

హెన్రీ డెరింజర్ 1786వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈస్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చిన తుపాకుల పనివాడు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టి, రిచ్మండ్ నగరమున పని నేర్చి, 1806లో ఫిలడెల్ఫియా చేరి స్వంత కర్మశాలను నెలకొల్పెను. తొలుత ప్రభుత్వమునకు రైఫిళ్లు చేసి యిచ్చి మన్నన పొందెను. పిమ్మట జేబు పిస్తోళ్లు చేయుటకు పూనుకొనెను. వీనికి గొట్టము మూతి నుండి మందు కూరి గుండు దించవలెను. ఒక్కమాఱే పేలును గనుక జనులు తరచు జతగా కొనెడివారు. వానిపై ఆయన తన పేరును, ఊరి పేరును ముద్రించెడివాడు.

ఆ పిస్తోలుపై ఆయన పేటెంటు పొందలేదు. కాలిఫోర్నియాలో బంగారము బయటపడిన పిమ్మట అక్కడ వీనికి గిరాకి హెచ్చెను. నకళ్లు చేయువారును పెరిగిరి. కొందఱు ఆయన పేరునే ముద్రించి అమ్మిరి. ఆయన న్యాయస్థానమునకు పోయి, పనివాని పేరు పనివానిదే అని నిరూపించుకొనెను.

అయినను ఆ పేరునకు మఱియొక మచ్చ తప్పలేదు. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో అధ్యక్షుడు లింకనుపై హంతకుడు పేల్చినది డెరింజర్ చేసిన పిస్తోలే. నాటి పత్రికలు ఆ పేరులో ఒక రకారమును అదనముగా చేర్చి వ్రాసెను. ఆ తప్పు రూపమే ఎవరు చేసినదైనను ప్రతి చిన్న పిస్తోలుకును సామాన్యనామమై స్థిరపడెను. డెరింజర్ 1868లో, 81 ఏండ్ల వయస్సున మరణించెను.

ఇట్లు లోకము మార్చివేసిన పేరు సరియైన రూపమున నిలిచియున్నది ఆయన చేసిన ఇనుముపైననే. అట్టి పిస్తోలు వారసత్వముగా వచ్చినప్పుడు దానిని క్రొత్తదివలె మెఱయజేయవలెనను ఆశ సహజము. కాని బాగుచేయువాడు మొదట గొట్టములో పాత మందు మిగిలి యున్నదేమో నిపుణునిచే చూపింపవలెను. త్రుప్పును నూనెతో నానబెట్టి మెత్తని గుడ్డతో ఓపికగా తుడువవలెను. ఉప్పుకాగితముతో రుద్దినచో త్రుప్పుతోపాటు ఆ పలుచని అక్షరములును అరిగిపోవును. కాలము ఇచ్చిన నల్లదనము దోషము కాదు. అది దాని వయస్సునకు సాక్ష్యము.

నకలు చేసినవారు డెరింజర్ పేరును అపహరించిరి; పత్రికలు దానిని వికృతము చేసెను. మిగిలిన ఆ నాలుగు అక్షరములను ప్రేమతోనే చెఱిపివేయకుండుట వారసుల వంతు.