అనర్హతయే కవచమైన జెఫర్సన్ డేవిస్

దేశద్రోహ నేరమునకు ఉరి తీయవలెనని పలువురు కోరిన ఖైదీని, పదవి చేపట్టరాదను రాజ్యాంగ నిషేధమే కాపాడిన వింత అమెరికాలో జరిగెను. ఆ ఖైదీయే జెఫర్సన్ డేవిస్.

1808లో కెంటకీ రాష్ట్రమున జన్మించిన డేవిస్ వెస్ట్‌పాయింటు సైనిక విద్యాలయమున చదివి, మెక్సికో యుద్ధమున పేరుగాంచి, సెనేటరయ్యెను. 1853 నుండి 1857 వరకు యుద్ధమంత్రిగా నుండెను. మిసిసిపీలోని ఆతని పత్తితోటలో నూరుమందికి పైగా బానిసలు చాకిరి చేసిరి. ఇది మరువరాదు, ఆ దాస్యమును నిలుపుకొనుటకే గదా 1861లో దక్షిణ రాష్ట్రములు విడివడి ఆతనిని తమ అధ్యక్షునిగా జేసికొన్నవి! 1865 మే 10న జార్జియాలో పట్టుబడి, మన్రో దుర్గమున రెండేండ్లు బందీగా నుండి, 1867లో లక్ష డాలర్ల జామీనుపై విడుదలయ్యెను. జామీనిచ్చినవారిలో బానిసత్వమునకు బద్ధవైరియగు గెరిట్ స్మిత్ ఉండుట విశేషము.

1868 జూలైలో 14వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చెను. కాంగ్రెసు సభ్యుడుగానో, ప్రభుత్వాధికారిగానో రాజ్యాంగబద్ధుడనై యుందునని ప్రమాణము చేసి, పిమ్మట తిరుగుబాటున పాల్గొన్నవాడు మరల పదవికి అనర్హుడని దాని మూడవ విభాగము శాసించెను. సెనేటరును, ప్రతినిధిని పేర్కొన్న ఆ విభాగమున అధ్యక్షుని పేరు మాత్రము లేదు. 1866 నాటి చర్చలోనే సెనేటరు రెవర్డీ జాన్సన్ ఆ లోపమును ఎత్తిచూపెను. పౌర, సైనిక పదవులన్న మాటలో అదియు చేరునని లాట్ మారిల్ బదులుచెప్పగా సమాధానపడెను. 2024లో డొనాల్డ్ ట్రంప్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, జాతీయ పదవుల అభ్యర్థులపై ఈ నిషేధమును రాష్ట్రములు అమలుపరుపజాలవని చెప్పి, అధ్యక్షుడు అధికారి యగునా యను ప్రశ్నను తేల్చక విడిచెను.

డేవిస్ విషయమున ఈ చిక్కు లేదు. సెనేటరుగా, మంత్రిగా ప్రమాణము చేసినవాడే. ఆతని న్యాయవాదులు దానినే ఆయుధముగా గైకొనిరి: అనర్హత యొక శిక్ష, ఒకే నేరమునకు రెండు శిక్షలు కూడవు. 1868 డిసెంబరులో రిచ్మండు న్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తి చేజ్ ఈ వాదమును అంగీకరించెను. తోటి న్యాయమూర్తి అండర్‌వుడ్ అంగీకరింపలేదు. ఇంతలో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ క్రిస్మసునాడు సర్వక్షమాపణ ప్రకటింపగా, 1869లో అభియోగము రద్దయ్యెను. ఆ ఏడే మరియొక వ్యాజ్యమున అదే చేజ్, కాంగ్రెసు చట్టము చేయనిదే ఆ విభాగము దానంతట నమలు కాదనెను. అట్లయినచో డేవిస్‌కు శిక్ష పడినదెప్పుడు?

1872లో కాంగ్రెసు పెక్కుమందికి అనర్హత తొలగించెను గాని డేవిస్‌కు తొలగింపలేదు. 1876లో మిగిలినవారికిని విముక్తి నీయజూచినపుడు, ఆతనికి మాత్రము కూడదని జేమ్స్ బ్లెయిన్ పట్టుపట్టెను. క్షమాభిక్ష నాతడు కోరనులేదు. 1889లో న్యూ ఆర్లియన్సు నగరమున మరణించెను. ఆతనిపై అనర్హతను కాంగ్రెసు తొలగించినది 1978లో.